రొయ్యల కంపెనీలో పని తగ్గింది, ఇంట్లో పని పెరిగింది

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. కొన్నేళ్లుగా రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి వెళ్తున్నాను. అమెరికా వాళ్లు పన్ను పెంచాక వారానికి రెండు మూడు రోజులే పిలిచారు. "ఖాళీగానే ఉన్నావుగా" అని మంచాన పడ్డ అత్తయ్య పనంతా ఇంట్లో నామీదే వేశారు. ఎగుమతులొస్తే ఆడవాళ్ల బతుకులు మారతాయన్నారు. మారింది ఇంతేనా?
- ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మారిందమ్మా, కానీ సగమే. మీ చేతికి మీ సొంత డబ్బు వచ్చింది, అది చిన్న సంగతి కాదు. ఇంటి పని మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది, మగవాళ్లేమో 88 నిమిషాలు.

2024-25లో మన దేశం నుంచి 62 వేల కోట్ల రూపాయల పైచిలుకు చేపలు, రొయ్యలు బయటికి వెళ్లాయి. ఆ డబ్బులో మూడింట రెండొంతులు రొయ్యలదే, వాటిని అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా. చెరువులో పట్టుబడి అయ్యాక లోడు ఏ వేళకొస్తే ఆ వేళకి మీరు బల్ల దగ్గర ఉండాలి, లేదంటే సరుకు పాడవుతుంది, మరి వ్యాను ఎక్కేలోపు వంట చేసి, నీళ్లు పట్టి, పెద్దావిడకి మందులిచ్చి వచ్చేది కూడా మీరే కదా, ఆ పని ఏ రేటులోనూ లెక్కకి రాదు. 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడూ ఇంతే. కొనేవాడు ధర తగ్గించమంటాడు, కంపెనీ రైతుకిచ్చే రేటు కోస్తుంది, కాంట్రాక్టు ఆడవాళ్లకి కబురు పెట్టడం మానేస్తుంది. వీళ్లకి ఇల్లు ఉందిగా అనే ధీమా! నాకు కోపం అక్కడే. మగవాడికి పని పోతే అయ్యో అంటాం, మీకు పోతే ఖాళీగా ఉన్నావంటాం.

కాంట్రాక్టరు కింద చేసినా పీఎఫ్ మీ హక్కు, అతను కట్టకపోతే కంపెనీయే కట్టాలి. మీ పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు అడిగి తీసుకుని పాస్‌బుక్ చూసుకోండి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు (క్రెష్) ఉండాలని 2017లో చట్టం మార్చారు, అదీ అడగండి. ఒక్కరే అడిగితే మర్నాడు మీకోసం వ్యాను ఆగకపోవచ్చు, పదిమంది కలిసి వెళ్లండి.

ఇంట్లో మాత్రం కంపెనీ మళ్లీ పిలిచేదాకా ఆగొద్దు. అత్తగారి స్నానం, మందులు కనీసం ఒక పూట మీవారికి ఇప్పుడే అప్పగించండి, ఆవిడ ఆయనకి కన్నతల్లి.