తొండి ఆడించకు, అమ్మలూ

అమ్మలూ,

ఉద్యోగం మానేసి గేమ్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదీ వంతులవారీగా ఆడే యుద్ధం గేమ్, కంప్యూటరే ప్రత్యర్థి. మేనకోడలు నా దారే పట్టిందని మురిసిపోయాను గానీ, ఆ దారిలో నేను పడ్డ గోతులు ఒక్కొక్కటే గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

"కంప్యూటర్‌ని భలే తెలివిగా తయారుచేస్తాను మామయ్యా" అని మెసేజ్ పెట్టావు. చదరంగంలో ఐబీఎం వాళ్ళ కంప్యూటర్ డీప్ బ్లూ 1997లోనే ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది కదా, ఇదెంత అనుకుంటున్నావేమో. చదరంగంలో వంతుకి కదిలేది ఒక్క పావు. వేయగల ఎత్తులు సగటున 35. అయినా డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూడాల్సి వచ్చింది. నీ గేమ్‌లో ఒకే వంతులో పది దళాలు కదులుతాయి. ఒక్కోదానికి పదేసి దారులనుకున్నా వెయ్యి కోట్ల కలయికలు. శత్రువు జవాబు ఇంకా లెక్కలోకే రాలేదు. ఆడేవాడేమో రెండు సెకన్లు ఆగడు. నీ కంప్యూటర్ కాస్త మొద్దుగానే ఉంటుంది, ముందు ఆ మాటకు సిద్ధపడు.

బ్యాకప్ రోజూ తీసుకో. కంప్యూటర్ ఏ ఎత్తు ఎందుకు వేసిందో లాగ్‌లో రాయించు. చేతిలో ఆరు నెలలకు సరిపడా డబ్బుందా? లేకపోతే నాకు చెప్పు, మీ అమ్మకు చెప్పకు.

గడికి ఒకే దళం అనే నియమం పెడుతున్నావా? 2010లో సివిలైజేషన్ 5 అనే గేమ్ ఆ పద్ధతి తెచ్చాక మనుషులకు యుద్ధం రుచిగా మారింది, కంప్యూటర్‌కు కాళ్ళు కట్టేసినట్టయింది. నా గేమ్‌లోనూ అదే నియమం. కొండల మధ్య ఇరుకు దారిలోకి ఫిరంగి ముందు దూరి కూర్చునేది, వెనక కాల్బలమంతా దారి లేక అక్కడక్కడే తిరిగేది. కారణం ఏమీ లేదు, జాబితాలో ఫిరంగి పేరు ముందుంది! ఏ దళానికి ఆ దళం సొంతంగా ఆలోచించుకుంటే ఇలాగే ఉంటుంది. సైన్యం మొత్తానికి గురి ముందు తేల్చు, ఎవరు ముందు కదలాలో తర్వాత.

నేను ఆ పని చెయ్యలేదు. విడుదలకు వారం ఉంది, ఆడి చూసినవాళ్ళంతా "ప్రత్యర్థి మరీ వెర్రిబాగులవాడు" అన్నారు. టెన్షన్‌లో రాత్రికి రాత్రి రెండు లైన్లు మార్చాను. ఒకటి, కంప్యూటర్‌కు సగం ఆదాయం అదనం. రెండోది, మ్యాప్ మీద చీకటిలో దాగినవి కూడా దానికి కనిపించేలా చేశాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మీ అమ్మ ఆడింది. నీకు తెలుసుగా, అక్క ఏది ఆడినా పక్కన కాగితం ఉండాల్సిందే. ఆరు గుర్రపు దళాలను అడవిలో దాచి కూర్చుంది. తర్వాతి వంతులో శత్రుసైన్యం కోట దారి వదిలి నేరుగా అడవి వైపు తిరిగింది.

"వాడికెలా తెలిసిందిరా?"

"తెలివైనవాడక్కా" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఏమీ అనకుండా సేవ్ ఫైల్ మళ్ళీ తెరిచి, ఈసారి గుర్రాలను ఏటి అవతల దాచింది. సైన్యం ఏటి వైపు తిరిగింది. మూడోసారి కొండ వెనక దాచింది. అక్కడికీ వచ్చింది, ఫిరంగిని ముందు పెట్టుకుని మరీ! తర్వాత కాగితం మీద శత్రువు ఆదాయం లెక్కేసింది. నాలుగు ఊళ్ళతో మూడు వంతుల్లో తొమ్మిది దళాలు రావు. కాగితం నా ముందు పెట్టి లేచి వెళ్ళింది. లెక్క కింద ఒకటే మాట: "తొండి." ఆ తర్వాత నా గేమ్ ఏదీ ఆవిడ ముట్టుకోలేదు.

అదనం ఇవ్వడమే తప్పనను. సివిలైజేషన్ 6లో అన్నిటికన్నా కష్టమైన డీటీ స్థాయిలో కంప్యూటర్ ముగ్గురు సెట్లర్లతో, అంటే కొత్త ఊళ్ళు కట్టేవాళ్ళతో, మొదలుపెడుతుంది, మనకు ఒక్కరే. ఆడేవాళ్ళు తెలిసే ఆ స్థాయి ఎంచుకుంటారు. నువ్వూ ఇస్తే ఇవ్వు, స్థాయి పేరు పక్కనే ఎంత ఇస్తున్నావో రాసెయ్. ఇంకా ధైర్యముంటే ఇన్‌టు ద బ్రీచ్ అనే గేమ్ చూడు, 2018లో వచ్చింది. శత్రువు ఎక్కడ కొట్టబోతున్నాడో ముందే చూపించేస్తుంది. దాచడానికేమీ లేదు, అయినా చెమటలు పట్టిస్తుంది. బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది మనమే, వాడు కాదు. నాకు అప్పట్లో ఈ ఆలోచన తట్టి ఉంటేనా!

రాత్రుళ్ళు మరీ మేలుకోకు. నేను ఆ రెండు లైన్లు రాసింది తెల్లవారుజామున మూడింటికి.

ఆడగలిగేంత తయారయ్యాక నాకు పంపొద్దు, ముందు మీ అమ్మ చేత ఆడించు. ఆవిడ వద్దంటుంది. అయినా పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టి నువ్వు అవతలి గదిలోకి వెళ్ళిపో.

మీ మామయ్య