చమురు దిగుమతి తగ్గాలంటే ముందు లారీల డీజిల్ సంగతి చూడాలి

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. విదేశీ చమురు మీద మన దేశం ఆధారపడటం ఎలా తగ్గుతుంది? చెన్నైలో ఉంటున్న మీరు పెట్రోల్ కారు తీసేసి ఎలక్ట్రిక్ కారు కొంటే అందులో ఏమైనా ఉపయోగం ఉంటుందా? రెండో దానికి జవాబు చిన్నదే: ఉంటుంది, కొనండి. మొదటిదానికి మాత్రం నేను రోజూ చూసే వైపు నుంచి చెబుతాను. ఈ విషయం మాట్లాడేవాళ్లలో చాలామంది కార్లు, స్కూటర్ల దగ్గరే ఆగిపోతున్నారు.

నాది చెన్నై మాధవరంలో లారీ బుకింగ్ ఆఫీసు. నెల్లూరు నుంచి వచ్చి మా నాన్న పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కొన్ని సొంత బండ్లు, మిగతావి బయటి ఓనర్లవి. మాకు వచ్చే బాడుగల్లో ఎక్కువ నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, హైదరాబాద్ వైపువే. ఖర్చుల్లో పెద్ద పద్దు డీజిల్. డ్రైవర్ బత్తా, టైర్లు, టోల్, ఫైనాన్స్ కంతు అన్నీ దాని తర్వాతే. అందుకని పేపర్లో దేశం చమురు లెక్కలు వచ్చినప్పుడు నా కళ్లు ముందు డీజిల్ వరుస మీదికే పోతాయి.

2023-24లో దేశం మొత్తం వాడిన పెట్రోలియం ఉత్పత్తులు దాదాపు 23.3 కోట్ల టన్నులు. అందులో డీజిల్ ఒక్కటే 9 కోట్ల టన్నులకు దగ్గర. పెట్రోల్ 3.7 కోట్ల టన్నులు, వంటగ్యాస్ 3 కోట్ల టన్నులకు కాస్త తక్కువ. అంటే పెట్రోల్‌కు రెండింతలు దాటి డీజిల్ ఖర్చవుతోంది. ట్రాక్టర్లు, బస్సులు, జనరేటర్లు కూడా అందులో ఉన్నాయి, నిజమే. కానీ రాత్రిపూట ఎప్పుడైనా కోల్‌కతా హైవే మీద గుమ్మిడిపూండి దాకా వెళ్లి చూడండి, ఆ డీజిల్ ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.

'మన దగ్గరే తవ్వుకోవచ్చు కదా' అని చాలామంది అంటారు. తవ్వాల్సిందే, కాదనను. కాకినాడ తీరాన కృష్ణా-గోదావరి బేసిన్‌లో, లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో కొత్తగా చమురు తీయడం మొదలుపెట్టింది. ఆ క్షేత్రం నుంచి గరిష్ఠంగా రోజుకు 45,000 పీపాలు వస్తాయని అంచనా. మన వాడకమేమో రోజుకు 50 లక్షల పీపాల పైమాటే. నూటికి ఒక వంతు కూడా కాదు. 1974లో ముంబై తీరాన సముద్రంలో దొరికిన బాంబే హై చమురు క్షేత్రం అంత పెద్దది మళ్లీ దొరకలేదు. దేశంలో ఉత్పత్తి 2011-12లో 3.8 కోట్ల టన్నులుండేది, ఇప్పుడు 3 కోట్ల టన్నులకు లోపే. 2022కల్లా దిగుమతి మీద ఆధారపడటం పది శాతం తగ్గాలని 2015లో ప్రధాని మోదీ లక్ష్యం పెట్టారు. అప్పట్లో 77, 78 శాతంగా ఉన్నది తగ్గకపోగా 2023-24 నాటికి 87 దాటింది. పాత బావులు అడుగంటుతున్నాయి, వాడకం పెరుగుతోంది.

మా ఆఫీసు మిద్దె ఎక్కితే రాత్రిళ్లు మణలి రిఫైనరీ మంట కనిపిస్తుంది. 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో, ఇరాన్ జాతీయ చమురు కంపెనీని, అమెరికాకు చెందిన అమోకోను భాగస్వాములుగా చేసుకుని పెట్టిన కంపెనీ అది. ఇప్పుడు ఏడాదికి 1.05 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేయగలదు. రిఫైనరీ ఊళ్లోనే ఉన్నా అందులోకి కావాల్సిన ముడిచమురులో చాలావరకు ఓడల మీదే రావాలి. గల్ఫ్ ఓడలైతే హోర్ముజ్ జలసంధి దాటాలి. 2024లో ప్రపంచం వాడిన చమురులో దాదాపు ఐదో వంతు ఆ సన్నటి దారినే వెళ్లింది. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు చమురు ధర ఎగిరింది, ఆ మరుసటి ఏడాది మన రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువ పెట్టాల్సి వచ్చింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ చమురు బిల్లు వాటిలో పెద్దది.

నిల్వల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. విశాఖ, మంగళూరు, పాదూరు భూగర్భ గుహల్లో కలిపి 53.3 లక్షల టన్నులు పడతాయి. నిండుగా ఉంటే తొమ్మిది, పది రోజుల వాడకానికి సరిపోతుంది. కంపెనీల ట్యాంకుల్లో ఉండేది కలిపితే రెండు నెలలు దాటుతుంది. ఆపద వస్తే ఊపిరి తీసుకోవడానికి ఇది చాలా అవసరం, కానీ దీనివల్ల దిగుమతి ఒక్క పీపా కూడా తగ్గదు.

ఇక నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను.

చెన్నై నుంచి విజయవాడ సుమారు 450 కిలోమీటర్లు. పన్నెండు చక్రాల బండి నిండు లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే ఆ డ్రైవరును మెచ్చుకుంటాం. ఖాళీగా వస్తే ఐదున్నర దాకా ఇస్తుంది. విజయవాడలో సరుకు దించాక రిటర్న్ లోడు దొరక్క ఎమ్టీగా తిరిగొస్తే, ఎనభై లీటర్లు ఊరికే కాలిపోయినట్టు. ముడిచమురు పీపా అంటే 159 లీటర్లు. మన రిఫైనరీల్లో అందులోంచి డీజిల్‌గా వచ్చేది నలభై శాతం పైచిలుకు. అంటే సరుకేమీ మోయకుండా ఒక బండి ఒకసారి వెనక్కి రావడానికి పీపా పైన ముడిచమురు దిగుమతి చేసుకున్నామన్నమాట. ఇలాంటి బండ్లు ఈ ఒక్క రోడ్డు మీదే రాత్రికి ఎన్ని వస్తుంటాయో!

లోడు ఎందుకు దొరకదంటే, ఇటు నుంచి వెళ్లే సరుకు వేరు, అటు నుంచి వచ్చేది వేరు. చెన్నై నుంచి ఆటో విడిభాగాలు, యంత్రాలు, పోర్టులో దిగిన సామాను వెళ్తాయి. అటు నుంచి బియ్యం, మిర్చి, సిమెంటు రావాలి. కార్లు మోసే ట్రెయిలర్‌లో మిర్చి బస్తాలు వేయలేం, ట్యాంకర్‌లో బియ్యం పోయలేం. మిర్చి సీజన్లో గుంటూరు వైపు లోడుకు కొదవ ఉండదు. మిగతా రోజుల్లో డ్రైవరు ఆటోనగర్‌లో బండి పక్కన పెట్టుకుని ఫోన్లు చేస్తూ కూర్చుంటాడు. ఆగితే బత్తా, కంతు మీద పడతాయి. వచ్చేస్తే డీజిల్ పోతుంది. ఏది తక్కువ నష్టమో ఓనరు చూసుకుంటాడు, దేశం నష్టం అతని లెక్కలోకి రాదు. లోడు చూపించే ఫోన్ యాప్‌ల వల్ల కొంత మేలు జరుగుతున్న మాట నిజం. కానీ సరుకు పంపేవాడు లోడు సంగతి ఆఖరి గంటలో చెబితే ఏ యాప్ అయినా ఏం చేస్తుంది?

ఖాళీ ట్రిప్పుల తర్వాత డీజిల్ ఊరికే పోయే రెండో చోటు, ఫ్యాక్టరీ గేటు దగ్గర పడిగాపులు. శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీకి మా బండ్లు వెళ్తుంటాయి, పేరు వద్దు. పొద్దున ఆరుకే వచ్చి వరసలో నిలబడాలి. మే నెల కత్తిరి ఎండలో క్యాబిన్ లోపల కూర్చోలేరు. ఇంజిన్ ఆపేద్దామంటే వరస కాసేపటికోసారి ఒక బండి మేర కదులుతుంది, కదిలిన వెంటనే ముందుకు జరగకపోతే పక్కవాడు దూరతాడు. అందుకని స్టార్టింగ్‌లోనే ఉంచుతారు. పెద్ద ఇంజిన్ ఊరికే తిరిగినా గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది. ఏ మధ్యాహ్నం రెండింటికో లోపలికి పిలిస్తే, అక్కడ దించే మనుషులు భోజనానికి వెళ్లి ఉంటారు. హాల్టింగ్ చార్జీ అడిగితే మర్నాడు లోడు ఇంకో ఆఫీసుకు వెళ్లిపోతుంది, కాబట్టి ఎవరూ అడగరు. ఏ బండి ఏ గంటకు రావాలో ముందే చెప్పి ఆ గంటకు దించుకుంటే చాలు, ఈ డీజిల్ అంతా మిగులుతుంది. పైసా పెట్టుబడి అక్కర్లేదు.

ఇది జరిగే పనే అని నేను ఎందుకు నమ్ముతున్నానంటే, ఒకసారి జరగడం కళ్లారా చూశాను. 2017 జులైలో జీఎస్టీ వచ్చేదాకా రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులుండేవి. కాగితాలు చూపించి ముద్ర వేయించుకునేసరికి ఒక్కోసారి రాత్రంతా పోయేది. అవి ఎత్తేశారు. 2018లో ఈ-వే బిల్లు, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాయి. చమురు ఆదా చేద్దామని చేసిన పనులు కావివి. అయినా ఆగకుండా వెళ్లే బండి తక్కువ తాగుతుంది కాబట్టి మా ట్రిప్ షీట్లలో తేడా కనబడింది.

లారీ ఆఫీసు నడుపుతూ ఇలా అంటున్నందుకు మా వాళ్లకు నా మీద కోపం రావచ్చు, కానీ సిమెంటు, ధాన్యం, ఎరువుల్లాంటి బరువు సరుకు దూరాలకు వెళ్లాల్సింది రైలు మీద. బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా కరెంటు లైనే ఇప్పుడు, ఆ కరెంటులో ఎక్కువ భాగం మన బొగ్గుతో వచ్చేదే. గాలి కాలుష్యం సంగతి వేరే చర్చ, చమురు భద్రత వరకైతే అది దేశీయ ఇంధనం. రైలుతో ఇబ్బంది ఏమిటంటే, చిన్న పార్టీకి రేక్ (అంటే గూడ్సు రైలు మొత్తం) నిండా సరుకు ఉండదు, స్టేషన్ నుంచి గోడౌన్ దాకా మళ్లీ లారీయే కావాలి. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడ దాకా సరుకు రైళ్ల కోసమే ప్రత్యేక లైను వేస్తామని 2021 బడ్జెట్‌లో చెప్పారు. తూర్పు తీరానికి అది ఎంత త్వరగా వస్తే అంత మంచిది.

ఎలక్ట్రిక్ లారీలు మొదట రావాల్సింది పోర్టు పనిలోకి. ఎన్నూరు, కాటుపల్లి నుంచి శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కంటైనర్లు తోలే బండి తిరిగే దూరం తక్కువ, రాత్రి నిలిచే చోటు ఒకటే, చార్జింగ్ పెట్టుకోవడం తేలిక. వరసలో ఆగినా డీజిల్ బండిలా తాగదు. తెలిసిన ఓనరు ఒకాయన బేరం ఆడి వచ్చారు. బండి కోటి పైనే చెప్పారట. కేంద్రం 2025 జులైలో ఒక్కో లారీకి 9.6 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. పాత బండి స్క్రాప్ చేసిన సర్టిఫికెట్ ఉండాలి. పెద్ద కంపెనీలకు ఇది సరిపోవచ్చు. రెండు మూడు బండ్ల ఓనరుకు మాత్రం తక్కువ వడ్డీకి అప్పు దొరికితేనే అడుగు పడుతుంది, బ్యాంకులు ఇంకా భయపడుతున్నాయి.

'బ్యాటరీలు చైనా నుంచే కదా, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలో పడటమే కదా' అని ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆలోచించాల్సిన మాటే. కానీ బ్యాటరీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రేపు దిగుమతి ఆగిపోతే కొత్త బండ్లు ఆగుతాయి, ఉన్నవి తిరుగుతూనే ఉంటాయి. డీజిల్ ఆగిపోతే కొన్ని వారాల్లో ఉన్న బండ్లన్నీ ఆగుతాయి.

ఇథనాల్ కలిపిన ఇ20 గురించి ఎక్కువ రాయను. అది పెట్రోల్‌కే. డీజిల్‌లో బయోడీజిల్ 2030కి 5 శాతం లక్ష్యం, ఇప్పటికి ఒక శాతం కూడా కలవడం లేదు.

వంటగ్యాస్‌లో మాత్రం మీ చేతిలో పని ఉంది. మనం వాడే ఎల్‌పీజీలో దాదాపు 60 శాతం దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి. కాఫీకి, అన్నానికి ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటే సిలిండర్ ఎక్కువ రోజులు వస్తుంది. మా ఇంట్లో అలాగే చేస్తున్నాం. సాంబారు, తాలింపులు ఇప్పటికీ గ్యాస్ మీదే.

మీరు ఏదో ఆటో విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నట్టు ప్రశ్నలో రాశారు. వీలైతే మీ డిస్పాచ్ విభాగంలో రెండు విషయాలు అడగండి. లారీ గేటు దగ్గరికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా ఎన్ని గంటలు పడుతోంది? లోడు ఉందని ట్రాన్స్‌పోర్టు వాళ్లకు ఎన్ని గంటల ముందు చెబుతున్నారు? ఒక రోజు ముందే చెప్పగలిగితే, అటు నుంచి వచ్చే బండిని మీ లోడుకు కుదర్చడం మా లాంటి ఆఫీసులకు పెద్ద పని కాదు.