కొత్త యాక్సెస్ పాయింట్లకు పాత పీఓఈ స్విచ్ సరిపోతుందా?

24 పోర్టుల స్విచ్, పీఓఈకి (నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు కూడా పంపే పద్ధతి) మొత్తం 370 వాట్లు; 16 పాత యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) తీసి వైఫై 6 రకానివి పెడుతున్నాం, పోర్టులు ఎలాగూ మిగులుతాయి కదా అని అడిగారు. దయచేసి పోర్టులు కాదు, వాట్లు లెక్కపెట్టండి. ఒక కాలేజీ హాస్టల్లో నేను సరిగ్గా ఇదే స్విచ్ మీద 18 కొత్తవి బిగించాను. పగలు అన్నీ వెలిగాయి. పిల్లలు తరగతుల్లో ఉన్నారు, ఒక్కొక్కటి 12 వాట్లకు మించి తీసుకోలేదు. రాత్రి పది దాటాక మూడో అంతస్తులో వైఫై పోయింది, కాసేపటికి వచ్చింది, మళ్లీ పోయింది. మూడు రోజులు కేబుళ్లనే అనుమానించాం. చివరికి స్విచ్ లాగ్ చూస్తే, ఒక్కొక్కటి 21 వాట్లకు చేరగానే మొత్తం 378 అవుతోంది, స్విచ్ చివరి పోర్టును ఆపేస్తోంది.

370 అన్న అంకె 24 పోర్టులను 15.4తో గుణిస్తే వచ్చేదే. పోర్టుకు 15.4 వాట్లు అన్నది 2003 నాటి పీఓఈ ప్రమాణం, 802.3ఏఎఫ్. మీరు కొనేవి 2009 నాటి 802.3ఏటీ ప్రమాణానివైతే స్విచ్ వైపు పోర్టుకు 30 వాట్లు కేటాయించాలి. 16 పరికరాలకు 480. మీ స్విచ్ 12 వరకే మోస్తుంది. డేటాషీటులో కనిపించే 25.5 పరికరం దగ్గరకు చేరేది, మిగతాది కేబుల్లో వేడిగా పోతుంది. ఆ అంకెతో లెక్క వేయకండి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ ఉంటే అలా వేడిగా పోయేది ఇంకా ఎక్కువ, ముందు దాన్ని మార్చండి.

మేము రెండో స్విచ్ తెచ్చి, ప్రతి అంతస్తులో సగం దీనికి, సగం దానికి కలిపాం. ఒకటి ఆగినా అంతస్తు మొత్తం చీకటి కాదు. మెట్ల దగ్గరవాటికి, వార్డెన్ గదిదానికి పోర్టు ప్రాధాన్యం పెంచాం, వాట్లు చాలకపోతే స్విచ్ వాటిని చివరగా ఆపేలా. యూపీఎస్ సంగతి కూడా చూసుకోండి, కొత్త భారంతో మా దగ్గర అరగంట కూడా నిలవలేదు.

ఇంకొకటి. వాట్లు చాలకపోయినా కొన్ని పరికరాలు ఆగిపోవు. కొన్ని యాంటెన్నాలను, యూఎస్‌బీని ఆపేసుకుని నెమ్మదిగా పనిచేస్తాయి. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. బిగించాక ప్రతిదాని సెట్టింగుల పేజీ తెరిచి, దానికి ఎన్ని వాట్లు అందుతున్నాయో చూడండి. అది కూడా రాత్రి, అందరూ గదుల్లో ఉన్నప్పుడు.