డిలీట్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. రాత్రి పదకొండింటికి నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ గొంతులో టెన్షన్ విని నాకూ నిద్ర పట్టలేదు. "అత్తయ్యా, షాపు సిస్టమ్ నిండా ఎప్పుడూ చూడని ఫైళ్లున్నాయి. డెస్క్‌టాప్ మీద ఒకే పేరుతో రెండున్నాయి. సీ డ్రైవ్‌లో ఉన్నవి డిలీట్ కూడా కావట్లేదు. మొత్తం ఫార్మాట్ కొట్టేయనా?" అన్నావు. పొద్దున దాకా దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇవన్నీ ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రేపు షాపు తెరిచాక పక్కన పెట్టుకుని చదువుకో.

మొదట నీ కంగారు తగ్గాలి. ఆ ఫైళ్లు నిన్న రాత్రి పుట్టినవి కావు. ఏదో వీడియో చూసి ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టావు. దాని కిందే ఉన్న ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్ కూడా తీసేశావు. విండోస్ ఇన్నాళ్లూ మన చెయ్యి తగలకుండా లోపల పెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా బయట కనిపించాయి. మనింట్లో అటక మీద సామాను అంతా కిందికి దించితే ఇల్లు కొత్తగా అనిపించినట్టే.

డెస్క్‌టాప్ మీద ఉన్న ఆ రెండూ 'డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ' ఫైళ్లు. ఒకటి నీ యూజర్ అకౌంట్‌ది, ఇంకోటి ఆ సిస్టమ్ వాడే అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ డెస్క్‌టాప్‌ది. రెండు ఫోల్డర్లను విండోస్ ఒకే తెర మీద కలిపి చూపిస్తుంది కాబట్టి ఒకే పేరు రెండుసార్లు కనబడుతుంది. రేపు ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి నోట్‌ప్యాడ్‌తో తెరిచి చూడు. ఒకటో రెండో బ్రాకెట్ మాటలు, నాలుగైదు లైన్లు. ఈ ఫోల్డర్‌ను ఏ పేరుతో చూపించాలి, ఏ ఐకాన్ పెట్టాలి అన్నదే అందులో ఉంటుంది. డిలీట్ చేస్తే నష్టమేమీ లేదు, కానీ ఫోల్డర్ రూపురేఖలు మార్చిన ప్రతిసారీ విండోస్ మళ్లీ రాసుకుంటుంది.

సీ డ్రైవ్‌లో డిలీట్ కాని పెద్ద ఫైళ్లు 'పేజ్‌ఫైల్ డాట్ సిస్', 'హైబర్‌ఫిల్ డాట్ సిస్'. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే చోటు మొదటిది. రెండోది సిస్టమ్‌ను హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా దాచుకోవడానికి. 8 జీబీ ర్యామ్ ఉన్న నీ సిస్టమ్‌లో అది 3 జీబీ దాటి ఉంటుంది. ఆ సైజు చూసే భయపడ్డావని నాకు అర్థమైంది. విండోస్ నడుస్తున్నంతసేపూ అవి దాని చేతిలో ఉంటాయి, అందుకే డిలీట్ కావు. 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' అని ఉన్నది అసలు ఫోల్డరే కాదు. పాత ప్రోగ్రాములు ఆ పేరు కోసం వెతికితే యూజర్స్ ఫోల్డర్‌కు దారి చూపడానికి పెట్టిన బోర్డు అనుకో. క్లిక్ చేస్తే యాక్సెస్ డినైడ్ అంటుంది, అది మామూలే.

నువ్వు ఫార్మాట్ అనగానే నా గుండె ఎందుకు ఝల్లుమందో ఇప్పుడు చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు. షాపు పెట్టిన కొత్తలో ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్ తెచ్చింది. సాయంత్రంలోగా ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ తీసి బైండింగ్ చేయించి కాలేజీలో ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లకు బదులు అన్నీ షార్ట్‌కట్‌లే. యాంటీవైరస్ అరుస్తోంది. వెనక ఎనిమిది మంది హాల్‌టికెట్ల కోసం లైన్లో ఉన్నారు. "వైరస్ నీ ఫైళ్లన్నీ తినేసిందమ్మా" అని చెప్పి, ఆమె తల ఊపితే ఫార్మాట్ కొట్టేశాను. ఆ ఫైళ్లన్నీ అందులో భద్రంగానే ఉన్నాయని, వైరస్ వాటిని దాచిందే తప్ప తాకలేదని నాకు నెల తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి అక్కడ స్టూల్ మీద కూర్చుని ఏడ్చింది. వైరస్ చేయని పని నేను చేశాను. ఆ రోజు నుంచి పరాయి పెన్‌డ్రైవ్‌లో ఏదీ తెలుసుకోకుండా డిలీట్ చేయలేదు.

మన షాపు ఉన్నది అశోక్‌నగర్‌లో. సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి చదువుకునే పిల్లలంతా నోట్స్ జిరాక్స్‌కీ, అప్లికేషన్లకీ మన దగ్గరికే వస్తారు. రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతావో లెక్క ఉండదు. వాటిలో రకరకాల ఫైళ్లు కనిపిస్తాయి, పరిచయం చేసుకో.

టిల్డె గుర్తు, డాలర్ గుర్తుతో మొదలై, మిగతా పేరు రెజ్యూమె పేరులాగే ఉండే చిన్న ఫైల్ కనిపిస్తే అది వర్డ్‌ది. ఎవరైనా డాక్యుమెంట్ తెరిచి ఉంచినప్పుడు ఇంకొకరు అదే ఫైల్‌ను మార్చకుండా వర్డ్ పెట్టుకునే గుర్తు. వర్డ్ మూసేస్తే దానంతట అదే పోతుంది. మన దగ్గర పిల్లలు ప్రింట్ రాగానే ఫైల్ మూయకుండా పెన్‌డ్రైవ్ పీకేస్తారు కదా, అప్పుడు అలాగే మిగిలిపోతుంది. 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' ఫోల్డర్ విండోస్ ప్రతి డ్రైవ్‌లోనూ పెట్టుకునేదే. ఫోన్ మెమరీ కార్డులో లాస్ట్ డాట్ డిర్ కూడా ఆండ్రాయిడ్ పెట్టుకునేదే.

హైటెక్ సిటీ ఆఫీసుల్లో మ్యాక్ మీద పనిచేసేవాళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల విషయంలో మాత్రం కాస్త గమనించు. ఒక పీడీఎఫ్ ఉంటే, అదే పేరుకు ముందు చుక్క, అండర్‌స్కోర్ చేరి ఇంకోటి కనిపిస్తుంది. మామూలుగా 4 కేబీ ఉంటుంది. తెరిస్తే తెరుచుకోదు. కస్టమర్ ఫైల్ కరప్ట్ అయిందని గొడవ పడతాడు, నువ్వు వైరస్ అనుకుంటావు. రెండూ కాదు. మ్యాక్ తన లెక్కలు రాసుకున్న ఫైల్ అది. పక్కనున్న అసలుది ప్రింట్ కొట్టు.

ఇక నువ్వు మాటల్లో మాటగా చెప్పి వదిలేసిన ఆ నీలం పెన్‌డ్రైవ్. నాకు నిజంగా అనుమానం ఉన్నది దాని మీదే. "ఫోల్డర్లన్నీ 1 కేబీ, 2 కేబీ చూపిస్తున్నాయి" అన్నావు. ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ పక్కన సైజు గడి ఖాళీగా ఉంటుంది అల్లుడూ. సైజు కనిపించిందంటే అది ఫోల్డర్ కాదు, ఫైల్. ఇలాంటివి ఎప్పుడు కనిపించినా ఐకాన్ కింది మూలలో చిన్న బాణం ఉందేమో చూడు. డబుల్ క్లిక్ చేయకు. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడిలో ఏముందో చివరిదాకా చదువు. మామూలు షార్ట్‌కట్ అయితే ఏదో ఫోల్డర్ దారో ప్రోగ్రామ్ దారో ఉంటుంది. అక్కడ సీఎండీ డాట్ ఈఎక్స్ఈ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ ఈఎక్స్ఈ అనో (కమాండ్లు, స్క్రిప్టులు నడిపే విండోస్ ప్రోగ్రాములవి) ఉండి, తర్వాత వీబీఎస్‌తోనో జేఎస్‌తోనో ముగిసే ఏదో ఫైల్ పేరు ఉంటే అదే దొంగ. పిల్లలు తమ ఫోల్డర్ అనుకుని క్లిక్ చేస్తారు. వైరస్ తన పని మొదలుపెట్టి, ఎవరికీ అనుమానం రాకుండా అసలు ఫోల్డర్‌ను కూడా తెరిచి చూపిస్తుంది. షార్ట్‌కట్‌లకు ఉండే ఎల్ఎన్‌కే అనే తోకను, ఎక్స్‌టెన్షన్లు చూపించమని పెట్టినా సరే, విండోస్ చూపించదు. అందుకే టార్గెట్ చూడటం అలవాటు చేసుకో.

అసలు ఫోల్డర్లకు ఆ వైరస్ హిడెన్‌తో పాటు సిస్టమ్ అనే గుర్తు కూడా తగిలిస్తుంది. కాబట్టి ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ తీద్దామంటే ఆ గడి మసకబారి ఉంటుంది, పని చేయదు. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్ వాడాలి: అట్రిబ్, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, ఆ తర్వాత స్లాష్ ఎస్, స్లాష్ డీ, చివర పెన్‌డ్రైవ్ అక్షరంతో అన్ని ఫైళ్లూ అని. ఫైళ్లన్నీ తిరిగి కనిపిస్తాయి. కానీ ముందు మన సిస్టమ్ శుభ్రంగా ఉందో లేదో చూసుకోవాలి. సిస్టమ్‌లో వైరస్ ఉండగా పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు కడిగినా పెట్టగానే మళ్లీ అంటుకుంటుంది. షాపు మూసేటప్పుడు విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. పావుగంట చాలు. ఇంకో గుర్తు కూడా ఉంది. హిడెన్ ఫైళ్లు చూపించమని నువ్వు సెట్టింగ్ పెట్టగానే అదే వెనక్కి మారిపోతుంటే, లోపల ఎవరో కూర్చుని మారుస్తున్నారని అర్థం.

ఏదైనా తెలియని ఫైల్ కనిపిస్తే నేను మొదట చూసేది అది ఎక్కడ ఉందన్నదే. పేరు చూసి మోసపోవడం తేలిక. టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ అని పదుల కొద్దీ కనిపిస్తాయి, విండోస్ తన లోపలి పనులు నడుపుకునే ప్రోగ్రామ్ అది, మామూలే. రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ అంటే విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్ తెరుచుకోవాలి. అదే పేరుతో టెంప్ ఫోల్డర్లోనో యాప్‌డేటాలోనో ఉంటే ఇంటి పేరు ఒకటి పెట్టుకుని వేరే ఇంట్లో దూరినట్టు. అక్షరాలు కూడా నిదానంగా చదువు. వీ, సీ తారుమారు చేసి ఎస్‌సీవీహోస్ట్ అని పెట్టిన వైరస్‌లున్నాయి.

తర్వాత అది ఏ రకం ఫైల్. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకో, మళ్లీ ఎప్పుడూ దాచకు. హాల్‌టికెట్ డాట్ పీడీఎఫ్ అని కనిపించేది నిజానికి హాల్‌టికెట్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ కావచ్చు. 2000 మేలో ప్రపంచమంతా పాకిన ఐ లవ్ యూ వైరస్ చేసింది అదే. ప్రేమలేఖ టెక్స్ట్ ఫైల్‌లా కనిపించింది, చివర వీబీఎస్ అన్న తోకను విండోస్ దాచేసింది. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ఉంటే ఎవరు తయారుచేశారో తెలుస్తుంది. లేనంత మాత్రాన వైరస్ కాదు. విండోస్ సొంత ఫైళ్లలోనే చాలావాటి సంతకాలు వేరే క్యాటలాగ్ ఫైళ్లలో ఉంటాయి, ఆ ట్యాబ్ కనిపించదు. తేదీ చూడు కానీ పూర్తిగా నమ్మకు, దాన్ని మార్చడం చాలా తేలిక.

అప్పటికీ తేలకపోతే వైరస్‌టోటల్ వెబ్‌సైట్ ఉంది. 2004లో స్పెయిన్‌లో మొదలైంది, 2012లో గూగుల్ కొనుక్కుంది. ఒక్క ఫైల్‌ను డెబ్బై దాకా యాంటీవైరస్‌లతో పరీక్షిస్తుంది. ఇక్కడ ఒక్కటి మాత్రం నా మీద ఒట్టేసి గుర్తుపెట్టుకో: కస్టమర్ ఆధార్, మార్కుల మెమో, బ్యాంకు కాగితం ఏదీ అందులో అప్‌లోడ్ చేయకు. అక్కడ పెట్టిన ఫైళ్లు సెక్యూరిటీ కంపెనీల చేతికి వెళతాయి. దానికి బదులు కమాండ్ ప్రాంప్ట్‌లో సెర్ట్‌యూటిల్ కమాండ్‌కు హ్యాష్‌ఫైల్ అని ఇచ్చి ఎస్‌హెచ్ఏ256 అడిగితే 64 అక్షరాల ఒక వేలిముద్ర వస్తుంది. ఆ వేలిముద్రను వెతికితే చాలు, ఫైల్ మన దగ్గరే ఉంటుంది. ఎవరి దగ్గరా లేని ఫైల్ అయితే ఫలితం రాదు. రాలేదంటే మంచిదని కాదు, ఎవరూ చూడలేదని. ఒకటో రెండో యాంటీవైరస్‌లు మాత్రమే వైరస్ అంటే తొందరపడకు, తప్పు హెచ్చరిక కావచ్చు. నలభై అంటే ఇక ఆలోచించేదేం లేదు.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్ కూడా చూడు, ఉచిత టూల్స్ ఇస్తారు. పెన్‌డ్రైవ్‌ల కోసం చేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే టూల్ మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్లదే.

నీ వాట్సాప్ గ్రూపుల్లో "ఈ ఫైల్ ఉంటే వెంటనే డిలీట్ చేయండి, పదిమందికి పంపండి" అని వచ్చేవి అసలు నమ్మకు. 2002లో ఎలుగుబంటి బొమ్మ ఐకాన్ ఉన్న ఒక ఫైల్ వైరస్ అని, యాంటీవైరస్‌లకు దొరకదని ఈమెయిళ్లు తిరిగాయి. అది విండోస్‌తో పాటే వచ్చిన జావా డీబగ్గర్ ఫైల్, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే సాధనానిది. ప్రపంచమంతా ఎందరో తమ చేతులతో తామే తీసేసుకున్నారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. ప్రొటెక్టెడ్ ఫైల్స్ టిక్ మళ్లీ పెట్టెయ్, ఆ అటక సామాను పైకి వెళ్లిపోతుంది. ఎక్స్‌టెన్షన్లు మాత్రం కనిపించనీ. నీలం పెన్‌డ్రైవ్‌ను మాత్రం నేను వచ్చేదాకా ఏ సిస్టమ్‌కీ పెట్టకుండా ఒక కవర్లో వేసి, అది తెచ్చిన అబ్బాయి పేరూ ఫోన్ నంబరూ దాని మీద రాసిపెట్టు. ఫైళ్లు పోలేదని, రెండు రోజులు ఓపిక పట్టమని అతనికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. పరీక్ష రోజులు, భయపడుతూ ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసుకుని వస్తాను, ఇద్దరం కలిసి తెరుద్దాం.

ఇట్లు,
నీ అత్తయ్య