యూనివర్సిటీ పక్క వీధిలో ఇల్లు కొనబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

అనంతపురంలో జె.ఎన్.టి.యు. వెనక వీధిలో మీరు చూసిన ఇల్లు అల్లుడుగారికి బాగా నచ్చిందని, కింద మీరుండి పై మిద్దెను చదువుకునే పిల్లలకు బాడుగకిస్తే బ్యాంకు కంతులో సగం అక్కడే తీరిపోతుందని లెక్క వేసుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. లెక్కలో తప్పేమీ లేదు గానీ, అందులో పన్నెండు నెలలూ ఒకే తీరుగా ఉన్నాయి. క్యాంపస్ పక్కనున్న వీధిలో ఏ రెండు నెలలూ ఒకే తీరుగా ఉండవు. బడిలో పాఠాలు చెబుతూ సంసారమంతా అలాంటి వీధిలోనే గడిపినదాన్ని కాబట్టి, మీరు అడ్వాన్సు చేతికివ్వకముందే నీకు కొన్ని సంగతులు రాయాలనిపించింది.

ఆ వీధి పక్కనున్న ఇంజనీరింగు కళాశాల 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురానికి తరలివచ్చింది. 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమై, 2008లో ఇక్కడే కేంద్రంగా వేరే విశ్వవిద్యాలయమైంది. నీవు కొనబోయే ఇల్లు ఎంత పాతదైనా దానికంటే పాతది కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి వీధిలో ఇల్లు కొన్నవాళ్లలో కొందరు గృహప్రవేశమైన మర్నాటి నుంచే పిల్లల గోల గురించి, బండ్ల రద్దీ గురించి, ఎవరో తమ ఇంటిమీదికి వచ్చిపడినట్టు మాట్లాడతారు. పక్కకు వచ్చి చేరినవాళ్లం మనమే. ఆ వీధికి పంచాంగం యూనివర్సిటీ రాస్తుంది, మనం దాన్ని చదువుకుని నడుచుకోవాలి.

ఆ పంచాంగంలో సంవత్సరాది ఈఏపీసెట్ కౌన్సెలింగు ముగిసిన వారంలో వస్తుంది. కదిరి నుంచి, ఆదోని నుంచి, ప్రొద్దుటూరు నుంచి తల్లిదండ్రులు ట్రంకు పెట్టె, బకెట్టు, చుట్టిన పరుపు ఆటోలో వేసుకుని వచ్చి, ప్రతి గేటు ముందూ ఆగి రూములున్నాయా అని అడుగుతారు. వాళ్లు కుదురుకున్నారనుకునేలోగా ఈసెట్ రాసిన డిప్లొమా పిల్లలు నేరుగా రెండో సంవత్సరంలో చేరడానికి మరో విడతగా దిగుతారు. పరీక్షలు దగ్గరపడితే జెరాక్సు కొట్ల ముందు రాత్రి పది దాకా నిలబడే చోటుండదు. సంక్రాంతికి వీధి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఎండాకాలం సెలవుల్లోనైతే కర్రీ పాయింటు మూతపడుతుంది, ఉగ్గాని బజ్జీల బండి వేరే సెంటరుకు పోతుంది, తాళం పడిన గదుల మీద దొంగల కన్ను పడుతుంది. మీరు ఆ ఇంటిని ఒక ఆదివారం పగటి పూట మాత్రమే చూశారట. కాలేజీ నడిచే రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, సెలవుల్లో ఇంకొకసారి వెళ్లి ఆ వీధిలో అరగంట నిలబడి చూస్తే, ఇంటి దళారి చెప్పని విషయాలు చాలా తెలుస్తాయి.

అలా వెళ్లినప్పుడు ఇంటికంటే ముందు దాని పక్కనున్న ఖాళీ స్థలాన్ని చూడండి. కాలేజీ దగ్గర ఖాళీ స్థలం చాలాకాలం ఖాళీగా ఉండదు. రేపు అక్కడ నాలుగంతస్తుల ప్రైవేటు హాస్టలు లేస్తే, నీ పడకగది కిటికీ ఎదురుగా నలభై మంది బట్టలు ఆరేసుకునే వసారా వస్తుంది, వాళ్ల మెస్సు గంజినీళ్లూ ఎంగిలి మెతుకులూ నీ గుమ్మం ముందు కాలువలో పారతాయి. స్థలం ఎవరిదో, వాళ్ల ఉద్దేశం ఏమిటో ఇరుగుపొరుగును అడిగితే దాచకుండా చెబుతారు. హాస్టలు కట్టడం తప్పని నేననను, పిల్లలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కానీ అది వస్తుందని తెలిసి కొనడం వేరు, కొన్నాక తెలియడం వేరు.

ఇక నీళ్లు. ఈ విషయం నేను కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే క్యాంపస్ పక్క ఇళ్లలో యజమానికీ, బాడుగకున్నవాళ్లకూ మధ్య వచ్చే తగాదాల్లో సగం నీళ్ల దగ్గరే పుడతాయి. పట్టణాల నీటి పథకాలకు ఇంజనీర్లు మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క వేస్తారు. కింద మీరు నలుగురు, పైన నలుగురు పిల్లలు అనుకుంటే రోజుకు 1,080 లీటర్లు కావాలి. కొళాయి ఒక రోజు రాకపోతే రెండు రోజులకు సరిపడా 2,160 లీటర్లు నిల్వ ఉండాలి. ఆ ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉందని మీ అమ్మ చెప్పిన మాటను బట్టి చూస్తే, అది ఒక్క రోజుకు కూడా చాలదు. పైగా పిల్లలంతా ఉదయం ఏడున్నరకు, ఎనిమిదిన్నరకు మధ్యనే స్నానాలు చేస్తారు. అదే గంటలో నీవు వంటా చేయాలి, పిల్లవాణ్ణి బడికీ పంపాలి. అందుకని పైవాళ్లకు వేరే ట్యాంకు, వేరే పైపు పెట్టించు. రెండు ట్యాంకులకూ, నిండగానే నీళ్లు ఆపే బాల్‌కాక్ బిగించు. కింద సంపు కనీసం మూడు వేల లీటర్లదైతే నిశ్చింతగా ఉంటావు. ఎవరి ట్యాంకు ఖాళీ అయిందో ఎవరికి వాళ్లకు తెలిసినప్పుడు నిందలకు తావుండదు.

బోరుందని మురిసిపోవద్దు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, కింద ఉన్నదంతా గట్టి రాయి. సెప్టెంబరులో నిండుగా పోసే బోరు ఏప్రిల్‌లో గాలి కక్కవచ్చు. ఇటుపక్క, అటుపక్క ఇళ్లవాళ్ల బోర్లు ఎన్ని అడుగులు, ఎండాకాలంలో ఎంతసేపు పోస్తాయి అని అడుగు. మన జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది పాత సంగతే. నీళ్లను పరీక్ష చేయించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు స్నానాలకూ బట్టలకే పరిమితం చెయ్యి. పైనున్న పిల్లలకు ఆ మాట చెప్పడం మర్చిపోకు. వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లకు అది తెలియదు, రంగు బాగుందని తాగేస్తారు.

కరెంటుకు కూడా మిద్దెకు వేరే మీటరు తప్పనిసరి. 2022లో మార్చిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలుంటే, 400 దాటిన యూనిట్లకు 9.75 రూపాయలు. రెండు కాపురాలు ఒకే మీటరు మీద నడిస్తే ఇద్దరి వాడకం కలిసి పై శ్లాబుకు ఎక్కుతుంది, ఆ భారం ఎవరిదని నెల నెలా పంచాయితీ అవుతుంది.

బాడుగ సంగతికొస్తే, ఒప్పందం కాగితం మీద పెట్టుకోకుండా ఎవరినీ ఇంట్లోకి రానివ్వకు, ఎంత తెలిసినవాళ్ల పిల్లలైనా సరే. ఇలాంటి ఒప్పందాలు చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. ఆగస్టులో రాసుకుంటే అది జూన్ చివరికి ముగుస్తుంది, అంటే కొత్త పిల్లలు రావడానికి సరిగ్గా ముందు. ఇది మనకు కలిసొచ్చే విషయమే గానీ, ఒక ముడి కూడా ఉంది. పరీక్షలు అయిపోగానే పిల్లలు ఊళ్లకు పోతూ, సెలవుల నెలలకు సగం బాడుగే ఇస్తామంటారు, నాలుగో సంవత్సరం వాళ్లయితే ఏకంగా తాళం చేతికిచ్చి వెళ్లిపోతారు. సెలవుల్లో బాడుగ ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సులో గోడల సున్నానికి ఎంత పట్టుకుంటావు అనే మూడూ ముందే రాసుకో. బ్యాంకు కంతు లెక్క వేసేటప్పుడు అల్లుడుగారిని పది నెలల బాడుగ మీదే లెక్క వేయమను. మిగిలిన రెండు నెలలు వస్తే మంచిదే. ప్రతి ఒక్కరి కాలేజీ గుర్తింపు కార్డు నకలు, తండ్రి ఫోను నంబరు తీసుకో. బండ్లు ఎన్ని ఉన్నాయో అడిగి, గేటు లోపల అన్నింటికీ చోటుందో లేదో నీవే టేపు పట్టి కొలిచి చూడు. నలుగురికి గది ఇస్తే నాలుగు బండ్లు వస్తాయి, చోటు లేకపోతే అవి పక్కింటి గేటు ముందు నిలబడతాయి.

కానీ కులం అడగవద్దు, మతం అడగవద్దు. మన వీధుల్లో చాలామంది గేటు దగ్గరే నిలబెట్టి ఆ ప్రశ్న వేయడం నేను చూశాను. బస్సు దిగి ఎండలో వచ్చిన తండ్రిని కొడుకు ముందర ఆ మాట అడగడం నాకెన్నడూ మింగుడుపడలేదు. ఆడపిల్లలకు ఇస్తే, వాళ్లు ఎన్నింటికి వచ్చారు, ఎవరితో మాట్లాడారు అని కిటికీ దగ్గర కాపలా కాయవద్దు. గేటు తాళం వేళ ఎన్నింటికో ఒప్పందంలోనే చెప్పు, అదీ అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకటే ఉండనీ.

చప్పుడు గురించి అల్లుడుగారు భయపడుతున్నారట. రాత్రి పన్నెండు కొట్టగానే ఎవరిదో పుట్టినరోజని నడివీధిలో బండి సీటు మీద కేకు పెట్టి, సెల్‌ఫోను లైట్లు వేసి, పిల్లాడి ముఖానికంతా క్రీము పూసి, అరుపులు కేకలతో పది నిమిషాలు వీధంతా లేపుతారు. మర్నాటి ఉదయం చూస్తే కేకు అట్టపెట్టె, కొవ్వొత్తి ముక్కలు అక్కడే పడి ఉంటాయి, చీమలు వరస కట్టి ఉంటాయి. దీనికి గోడ మీద నుంచి తిట్టడం మందు కాదు, మర్నాటి రాత్రి ఇంకో పుట్టినరోజు వస్తుంది. ఆగస్టులో కొత్త పిల్లలు దిగిన వారంలోనే పైకి వెళ్లి, ఎదురింటి మిద్దె వాళ్లను కూడా పిలిచి, కేకు మిద్దె మీద కోసుకోండి, వీధిలో వద్దు, పన్నెండుంబావు తర్వాత గొంతులు తగ్గించండి, పెట్టె మీరే ఎత్తేయండి అని మర్యాదగా చెప్పు. వినేవాడొకడు ప్రతి గుంపులోనూ ఉంటాడు, వాడి పేరు గుర్తుపెట్టుకో. అయితే ఇది ఒకసారి చెప్పి ఊరుకునే మాట కాదు. నీవు ఉన్నచోటే ఉంటావు, పిల్లలు మారిపోతుంటారు, కాబట్టి నిరుడు చెప్పిందే ఈ ఏడు కూడా విసుగు లేకుండా చెప్పాలి. అది చేతకాదనిపిస్తే ఆ ఇల్లు కొనకండి, నిజంగానే చెబుతున్నాను.

మైకులు, డీజేలు పెడితే మాత్రం చట్టం ఉంది. 2000 నాటి శబ్ద నియంత్రణ నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు, వేడుకల పేరుతో ప్రభుత్వం సడలించిన కొద్ది రోజులు తప్ప. మాట వినకపోతే 112కు ఫోను చేయవచ్చు. అదే నియమం మనకూ వర్తిస్తుంది. వినాయక చవితికి మండపం పెట్టే పెద్దమనుషులు, పైన పిల్లలు మిడ్ పరీక్షలకు చదువుతున్నారన్నది ఎన్నడూ పట్టించుకోరు. పిల్లలు వచ్చి అడిగితే నీవు వాళ్ల వైపు నిలబడు.

సందు మొదట్లో సీనియర్లు కొత్తవాళ్లను వరసగా నిలబెట్టి చేతులు కట్టించినట్టు కనబడితే, చూసీ చూడనట్టు వెళ్లిపోవద్దు. మన రాష్ట్రంలో ర్యాగింగు నిషేధ చట్టం 1997లోనే వచ్చింది, కాలేజీ గేటు బయట చేసినా అది నేరమే. యు.జి.సి. ఉచిత ఫోను నంబరు 1800-180-5522. ఆ నంబరు మిద్దె మెట్ల దగ్గర గోడకు అంటించి పెట్టు.

ఇవన్నీ విని భయపడవద్దు. పిల్లవాడికి లెక్కలు చెప్పేవాళ్లు మిద్దె మీదే ఉంటారు, అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే పిలవగానే బండి తీసేవాళ్లు నలుగురుంటారు. వచ్చే శనివారం బండి మీద వెళ్లి, రాత్రి తొమ్మిదిన్నరకు ఆ వీధి చూసి, పక్కింటివాళ్ల బోరు లోతు కనుక్కుని, గేటు లోపలి వెడల్పు కొలిచి నాకు రాయి. ఖాళీ స్థలం ఎవరిదో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దని అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ