తెలిసి ఉంటే వచ్చేదాన్నా, వచ్చి ఉండేదాన్నా?

సందేహం: నేను ఫ్రెంచ్ నేర్చుకుంటున్నానండి. క్లాసులో "సి జావే స్యు, జ సెరే వెన్యు" అనే వాక్యాన్ని తెలుగులోకి మార్చమన్నారు. నేను "తెలిసి ఉంటే వచ్చేదాన్ని" అని రాశాను. మా ఫ్రెండేమో వచ్చేదాన్ని అంటే రోజూ అలవాటుగా వచ్చేదాన్ని అని అర్థం కదా, ఫ్రెంచ్‌లో సెరే, వెన్యు అని రెండు ముక్కలున్నాయి కాబట్టి "వచ్చి ఉండేదాన్ని" అనే రాయాలి అంటోంది. ఏది రైటు? అసలు ఇలాంటి జరగని సంగతులు చెప్పడానికి తెలుగులో ఒక పద్ధతంటూ ఉందా?

సమాధానం: మీరు రాసిందే రైటండి, అందులో మార్చాల్సింది ఏమీ లేదు. మీ ఫ్రెండ్ రాసింది కూడా తెలుగే, కాకపోతే దానికి వేరే పని ఉంది, ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఫ్రెంచ్ వైపు చూద్దాం, ఎందుకంటే ఆ రెండు ముక్కల వాదన పుట్టింది అక్కడే.

ఫ్రెంచ్‌లో ఈ "సెరే వెన్యు" రూపాన్ని కొందిస్యొనెల్ పాసే అంటారు, ఎక్కువగా గతంలో జరగని సంగతి చెప్పడానికి వాడేది. తయారీ కష్టమేం కాదు, అవ్వార్ (కలిగి ఉండటం) గానీ ఎత్ర్ (ఉండటం) గానీ ఒక సహాయక్రియని తీసుకుని దాన్ని కొందిస్యొనెల్ ప్రెజాంలో, అంటే షరతు చెప్పే మామూలు రూపంలో పెట్టి, పక్కన అసలు క్రియ తాలూకు పార్తిసిప్ పాసేని, అంటే వెన్యు లాంటి పని అయిపోయినట్టు చెప్పే మాటని చేర్చడమే. జోరే పార్లే అంటే మాట్లాడేవాణ్ణి, జ సెరే పార్తి అంటే బయల్దేరేవాణ్ణి. ఎక్కువ క్రియలకి అవ్వారే వస్తుంది, రావడం, వెళ్ళడం, పుట్టడం, చనిపోవడం, బయల్దేరడం, ఉండిపోవడం లాంటి కొన్నిటికీ, తనను తాను లేపుకోవడం లాంటి ఆత్మార్థక క్రియలన్నిటికీ ఎత్ర్ వస్తుంది. ఎత్ర్‌తో వచ్చినప్పుడు మామూలుగా కర్త ఆడా మగా, ఒకరా ఎక్కువమందా అన్నది పార్తిసిప్ మీద చూపించాలి, అందుకే మీరు ఆ వాక్యాన్ని మీ గురించి రాసుకుంటే వెన్యు చివర ఇంకో అక్షరం చేరుతుంది, చెవికి వినపడదు గానీ పేపర్లో లేకపోతే మార్కు పోతుంది. మనకైతే ప్రతి క్రియకీ వచ్చేవాణ్ణి, వచ్చేదాన్ని అని వినగానే తెలిసిపోతుంది.

ఇక "సి" ఉన్న సగం. సి అంటే అయితే, గనక అన్నమాట. షరతు చెప్పే సి పక్కన కొందిస్యొనెల్ రానే రాకూడదు, జరిగిపోయిన కాలం గురించైతే ప్లుస్ కె పార్ఫే, అంటే అంతకుముందే అయిపోయినదాన్ని చెప్పే భూతకాలం రావాలి, అందుకే "జావే స్యు" అన్నారు గానీ "జోరే స్యు" అనలేదు. అక్కడి పిల్లలకి ఇది గుర్తుండటానికి "లె సి నెమ్ పా లె రే" అని నేర్పుతారు, అంటే సి లకి రే లు గిట్టవు అని. ఓరే, సెరే అన్నీ రే తోనే కదా ముగిసేది.

ఇప్పుడు అసలు పాయింటుకొద్దాం. ఆ రే చివర వినపడే ఏ ఎక్కడిది అనుకుంటున్నారు? అది ఆంపార్ఫే ప్రత్యయం, అంటే జరుగుతూ ఉండేది, అలవాటుగా చేసేవాళ్ళం అని చెప్పే భూతకాలానిది. వాడుక లాటిన్‌లో "కాంతారే హబేబమ్" అని ఉండేది, పాడాల్సి ఉండేది అనే లాంటి అర్థంలో. అందులో హబేబమ్ అనేది అవ్వార్‌కి పూర్వరూపమైన క్రియ, ఆంపార్ఫేలో ఉంది, ఆ రెండు మాటలూ కలిసి అరిగి అరిగి షాంతెరే అనే కొందిస్యొనెల్ రూపం అయ్యాయి. అంటే ఫ్రెంచ్ వాళ్ళు జరగని సంగతి చెప్పడానికి కొనసాగే భూతకాలాన్నే వాడుకున్నారు. మనం చేసిందీ అదే, రోజూ వచ్చేవాణ్ణి అనే రూపాన్నే తెచ్చి తెలిసి ఉంటే వచ్చేవాణ్ణి అంటున్నాం. కాబట్టి అలవాటు అర్థం ఉంది కాబట్టి ఇక్కడ పనికిరాదు అనే వాదన నిలబడదు, ఆ లెక్కన ఫ్రెంచ్ రూపమూ పనికిరాదు.

ఫ్రెంచ్‌లో ఇంకో వాడకం ఉంది, అది చూస్తే మీకు మన భాష చూసినట్టే ఉంటుంది. "అన్ పా ద ప్లుస్, ఇల్ తోంబే", ఇంకో అడుగు వేస్తే పడిపోయేవాడు. తోంబే అక్కడ కొందిస్యొనెల్ కాదు, మామూలు ఆంపార్ఫే! పడేవాడు అనే రూపమే, అయినా వాడు పడలేదని అందరికీ తెలుస్తుంది. తృటిలో తప్పిపోయిన సంగతి చెప్పేటప్పుడు ఆ భాషా ఈ భాషా ఒకే దారి పట్టాయి.

మరి అలవాటుకీ జరగనిదానికీ తేడా ఎలా తెలుస్తుంది అంటే, ఎక్కువసార్లు వాక్యంలో మొదటి సగమే చెప్పేస్తుంది. "ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేవాడు" అలవాటు. "నిన్న పిలిస్తే వచ్చేవాడు" అంటే పిలవలేదు, రాలేదు. ఉత్తగా "పిలిస్తే వచ్చేవాడు" అంటే రెండూ కావొచ్చు, సందర్భం చూసుకోవాల్సిందే. "పిలిచి ఉంటే వచ్చేవాడు" అన్నారా, ఇక అనుమానం లేదు. చెప్పుకునేటప్పుడు పిలిచుంటే అనేస్తాం, రాతలో విడదీస్తాం, రెండూ ఒకటే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది, ఆ ఉంటే ఒక్కటే జరగలేదని చెప్పదు. "వాళ్ళు పిలిచి ఉంటే ఈపాటికి వచ్చి ఉంటాడు" అంటే పిలిచారో లేదో మనకి తెలీదు, ఊహిస్తున్నాం అంతే. అదే "పిలిచి ఉంటే వచ్చేవాడు" అంటే పిలవలేదని తేలిపోయింది. ఉంటే సంగతిని వెనక్కి జరుపుతుంది, అది జరగలేదని చెప్పేది చివరి వచ్చేవాడు. ఆ రెండూ జతగా పనిచేస్తాయి, ఫ్రెంచ్‌లో ప్లుస్ కె పార్ఫే, కొందిస్యొనెల్ పాసే జతగా ఉన్నట్టే. ముక్కలు లెక్కపెట్టి సరిపోల్చాలంటే ఒక్క క్రియలో కాదు, వాక్యం మొత్తంలో సరిపోల్చాలి, అప్పుడు మనది ఏం తక్కువ కాదని తెలుస్తుంది.

సరే, మరి వచ్చి ఉండేదాన్ని ఎప్పుడు? ఫలానా టైముకి ఆ పని అప్పటికే అయిపోయి ఉండే స్థితి చెప్పాల్సొచ్చినప్పుడు. "రైలు లేటవకపోతే ఈపాటికి ఇంటికి చేరి ఉండేదాన్ని." "గ్యాస్ అయిపోకపోయుంటే మీరు లేచేసరికి వంట చేసి ఉండేదాన్ని." ఇక్కడ చేరేదాన్ని, చేసేదాన్ని అన్నా తప్పులేదు గానీ పని ముగిసిపోయి ఉండేది అనే భావం పలచబడుతుంది. ఫ్రెంచ్‌లో ఈ రెండిటికీ కొందిస్యొనెల్ పాసే ఒక్కటే, మనకి రెండున్నాయి, ఆ వెసులుబాటుని ఎందుకు వదులుకోవాలి? ఈమధ్య ఇంగ్లీషు నుంచి అనువాదం చేసేవాళ్ళు ప్రతిచోటా ఉండేవాడు, ఉండేది తగిలించేస్తున్నారు, "తెలిసి ఉండి ఉంటే వచ్చి ఉండి ఉండేవాణ్ణి" దాకా వెళ్ళినవాళ్ళని చూశాను, అలాంటివి చదువుతుంటే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇంట్లో వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు ఆ మనిషే హాయిగా "చెప్తే వచ్చేవాణ్ణి కదే అమ్మా" అంటాడు.

తెలంగాణ మాట తీరులో ఇదే భావానికి "మొదలే చెప్తే వస్తుంటి గద" అంటారు. వస్తుంటి అన్నది కూడా జరుగుతూ ఉండే భూతకాలమే చూడండి, రూపం వేరు గానీ దారి అదే. పాత వచనంలో అయితే "తెలిసియున్న వచ్చియుందును" అని రాసేవాళ్ళు. ఆ "తెలిసియున్న" లాంటిదాన్ని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చేదర్థకం అన్నాడు, మన ఇప్పటి ఉంటే, వస్తే చేసే పని అదే.

లేదు అని చెప్పాల్సొస్తే? ఫ్రెంచ్‌లో న, పా రెండూ సహాయక్రియకి అటూ ఇటూ కూర్చుంటాయి, "జ న సెరే పా వెన్యు". మనం "వచ్చేదాన్ని కాదు" అంటాం, వచ్చేదాన్ని లేదు అనం. ఎందుకంటే వచ్చే అనే విశేషణానికి అది అనే సర్వనామం కలిసి అయిన మాట అది, నామవాచకం లాంటిది, నామవాచకాన్ని కాదనడానికి మనకున్నది కాదు అనే మాటే. మొదటి సగానికి "చెప్పకపోతే" చాలు, మరీ స్పష్టంగా కావాలంటే "చెప్పకపోయి ఉంటే".

ఇకపోతే కొందిస్యొనెల్ పాసే కనపడ్డ ప్రతిచోటా వచ్చేవాణ్ణి, చేసేవాణ్ణి అని దించేయకండి. "త్యు ఓరే ద్యు మ ల దీర్" అంటే నువ్వు నాకు చెప్పాల్సింది, నిష్ఠూరం అన్నమాట. "త్యు ఓరే ప్యు మాప్లే" అంటే ఒక ఫోనన్నా చెయ్యొచ్చు కదా అని. దీన్ని "ఫోన్ చేసి ఉండొచ్చు" అని రాశారంటే బహుశా చేశాడేమో అనే అర్థం వచ్చి మొత్తం తారుమారవుతుంది. "జోరే వూల్యు వు దమాందే" అంటూ ఎవరైనా మొదలుపెడితే అది మర్యాద, మనం "మిమ్మల్నొకటి అడుగుదామనుకున్నానండి" అనుకుంటూ మొదలుపెట్టినట్టే, ఎదురుగానే నిలబడి ఇప్పుడే అడగబోతూ కూడా అనుకున్నాను అని భూతకాలంలోకి వెళ్తాం కదా.

అన్నిటికంటే పెద్ద చిక్కు వార్తల్లో. ఫ్రెంచ్ పేపర్లు ఇంకా ఖాయం కాని సమాచారాన్ని ఈ రూపంలోనే రాస్తాయి. "ల మినిస్త్ర్ ఓరే దెమిస్యొనే" అని ఉంటే మంత్రి రాజీనామా చేశారట, లేదా చేసినట్టు సమాచారం అని అర్థం. అక్కడ సి లేదు, షరతు లేదు, మా మాటగా చెప్పట్లేదు అనే జాగ్రత్త మాత్రమే ఉంది. మన ట అక్షరం ఒక్కటి ఆ పని మొత్తం చేస్తుంది. దాన్ని "మంత్రి రాజీనామా చేసి ఉండేవారు" అని రాస్తే, చేద్దామనుకున్నారు గానీ ఏదో అడ్డొచ్చి చెయ్యలేదని తెలుగువాళ్ళు చదువుకుంటారు, అంటే వార్తకి సరిగ్గా వ్యతిరేకం.