శిష్యత్వ తరగతులతో కుర్రవాడి మనసు కుదుటపడుతుందా?

ఇంటర్ తప్పినప్పటి నుంచి తమ్ముడు ముభావంగా ఉంటున్నాడు, బొబ్బిలిలో మా క్రైస్తవ సంఘం నడిపే శిష్యత్వ తరగతులకు పంపితే కోలుకుంటాడా అని అడిగారు. పంపండి. కానీ అక్కడ ఏమి జరుగుతుందో ముందు మీరే ఒకసారి వెళ్లి చూడండి.

శిష్యత్వమంటే వాక్యాలు కంఠతా పట్టించడం కాదు. విశ్వాసంలో పెద్దవారొకరు వెంట ఉండి నడిపించడం. యేసు పన్నెండు మందితో చేసింది అదే. వారానికి గంటసేపు అడ్డుపడకుండా వినే మనిషి దొరికినా సగం భారం దిగుతుంది. బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకుంటాడు. దేవదూత మందలించడు, రొట్టె, నీళ్లు ఇస్తాడు, మళ్లీ నిద్రపోనిస్తాడు, లేపి మళ్లీ తినమంటాడు. ఇక 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. దుఃఖాన్ని అవిశ్వాసమని కొట్టిపారేసే బోధకులు (మన వైపూ ఉన్నారు) ఈ భాగాలను ఎలా దాటేస్తారో!

ప్రార్థన పేరుతో మందులు మాన్పించే చోటికి మాత్రం పంపవద్దు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. చావు మాట ఎత్తితే ఆ రోజే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు అర్ధరాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.